పిడుగు జోలపాటలు వింటోంది

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఇక్కడ గోలగా ఉందక్కా, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మీ బావ నవ్వుతున్నారు. నవ్వనీ. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. నీ మేనకోడలి సంగతి నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను? దాన్ని అలా తయారుచేసింది నువ్వే.

దానికి పద్నాలుగేళ్ళప్పుడే ఆ మెటల్ సంగీతం అంటించింది నువ్వు. పుర్రె బొమ్మల నల్ల చొక్కాలు కొనిపెట్టింది నువ్వు. పిడుగని పేరు పెట్టింది కూడా నువ్వే. అది తలుపేసుకుని ఆ పాటలు పెడితే అలమరలో గ్లాసులు గలగలమనేవి. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టేవారు. మొదట్లో తల పట్టుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనిలోంచి అలిసిపోయి వస్తుంది కదా, ఇల్లు ఊగితే పిల్ల క్షేమంగా చేరిందని లెక్క. నేను నిశ్చింతగా గిన్నెలు కడుక్కునేదాన్ని.

ఇప్పుడు ఇల్లు ఊగడం లేదు.

కొన్ని వారాలుగా ఒకటే నిశ్శబ్దం. మొన్న తలుపుకి చెవి ఆనించాను. తల్లిని కదా, ఆ మాత్రం హక్కుంది. లోపల ఎవరో పెద్దావిడ పాడుతోంది. వెనక సన్నగా ఫ్లూటు. జోలపాటరా! పాడిందే మళ్ళీ పాడించుకుంటోంది. కొంచెం విని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ అదే ముక్క. పరీక్షకి చదివినట్టు. పెళ్ళికాని పిల్ల గది తలుపేసుకుని జోలపాటలు వింటే తల్లి ఆలోచన ఎక్కడికి పోతుందో నీకు విడమరచి చెప్పాలా?

అడిగాను. "బావుంటాయమ్మా, అందుకే వింటున్నా" అంది. ఇన్నేళ్ళుగా బస్సుల్లో టికెట్లు చెక్ చేస్తున్నదాన్ని. టికెట్ లేనివాడు కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూస్తాడు. నేను గదిలోకి వెళితే ఇది గోడకేసి అంత శ్రద్ధగానూ చూస్తోంది.

నీతో ఏమైనా చెప్పిందా? నిజం రాయి.

అక్క


హాలు వెనక గది నుంచి,
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది, జవాబు ఆలస్యమైంది. చదివి కుర్చీలోంచి జారిపడేంత నవ్వాను. పిల్ల నిమ్మళంగా ఉందని బెంగపెట్టుకున్న తల్లివి ఈ ప్రపంచంలో నువ్వొక్కదానివే అయివుంటావు.

మెటల్ వినేవాళ్ళంటే పొద్దస్తమానం కేకలే వింటారనుకుంటున్నావు. నీకు తెలియని రహస్యాలు చెప్తా, ఎవరితోనూ అనకు. మా పాత బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు గుర్తున్నాడా, మనిషి గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు, బండ అని పిలిచేవాళ్ళం. వాడు ప్రోగ్రాం అవగానే మూల కూర్చుని పాత సినిమా యుగళగీతాలు విని కళ్ళు తుడుచుకునేవాడు. పాడేవాడు గురక, వాడి గొంతు వింటే కుక్కలు పారిపోయేవి. వాడి వ్యానులో ఎప్పుడూ క్లారినెట్ కచేరీలే. డ్రమ్ములవాడు సుత్తి, వాడికైతే చిన్నపిల్లల పాటలన్నీ కంఠతా వచ్చు. పిల్లలు లేకముందు నుంచీ! బయట మాత్రం ఒకడి సంగతి ఒకడు బయటపెట్టేవాడు కాదు. నల్ల చొక్కాకి పరువు ఉంటుంది కదా.

కాబట్టి పిడుగు జోలపాటలు విందంటే కొంప మునిగిపోలేదు. చెవులకి కాస్త విశ్రాంతి ఇస్తోందనుకో. జుట్టు కూడా అంత పొట్టిగా కత్తిరించుకుంది, చెవులు బయటపడ్డాయి, చల్లగాలి తగలనీ పాపం.

నువ్వు మాత్రం తలుపులకి చెవులు ఆనించడం మానెయ్. బావగారికి నమస్కారాలు. పని నెత్తిమీద ఉంది, ఇంతటితో ఆపుతున్నాను.

తమ్ముడు


బస్సు డిపో నుంచి,
మంగళవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఎక్కడో నలక పడ్డట్టనిపించింది. మూడోసారికి దొరికింది.

అది జుట్టు కత్తిరించుకుందని నీకెవరు చెప్పారు?

నేను రాయలేదు. నీకు ఉత్తరం పోస్టు చేసిన సాయంత్రమే అది జుట్టు కత్తిరించుకుని వచ్చింది. మీ బావని అడిగితే "నేను వాడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో" అన్నారు. ఫోటో పంపిందేమో అనుకుందామంటే, నేనసలు అలా అనుకునే మనిషినేనా?

నాతో పనిచేసే చెకింగ్ ఆవిడ ఇవాళ టీ తాగుతూ మాటల్లో అంది, "మీ అమ్మాయి శనివారం నా బస్సులో కనిపించింది, నిద్రపోతోంది, లేపి టికెట్ చూశాను" అని. ఎక్కడికి టికెట్ అని అడిగాను. మీ ఊరికట. శనివారం స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళింది నాతో. అంతకు ముందు శనివారం కూడా అదే స్నేహితురాలు. ఆ స్నేహితురాలు నిన్న మార్కెట్లో కలిసి "పిడుగు ఎలా ఉందాంటీ, అసలు కనిపించడమే లేదు" అంది. కూరల సంచి చేతిలోంచి జారింది.

ఒరేయ్, నేను నీ అక్కని. నా కూతురు నీ ఊరు వస్తోంది, నిన్ను చూస్తోంది, నువ్వు చూస్తున్నావు, నాకు మాత్రం బండా సుత్తీ కథలు రాసి పంపుతున్నావు. ఎంత చక్కగా రాశావు! అందరి రహస్యాలూ చెప్పావు, నీది ఒక్కటీ చెప్పలేదు.

నా చెవిలో పువ్వులు పెట్టకు. సూటిగా అడుగుతున్నా. ఎవడు వాడు? మీ ఊళ్ళోనే ఉంటాడా? నువ్వు ఇద్దరికీ ఇల్లిచ్చి కాపలా కాస్తున్నావా? జోలపాటల దాకా వచ్చిందంటే సంగతి ఎంతవరకు వెళ్ళింది?

అక్క


హాలు వెనక గది నుంచి,
శనివారం పొద్దున

అక్కా,

ఎవడూ లేడు. నీ మీద ఒట్టు. జోలపాటలకీ నువ్వనుకునేదానికీ ఏ సంబంధమూ లేదు, ముందు మంచినీళ్ళు తాగు.

పిడుగు వస్తున్న మాట నిజమే. నా దగ్గరికే వస్తోంది. హాల్లో మైకులూ స్పీకర్లూ చూసుకునే పని ఒక్కడి వల్ల కావడం లేదు. నా కింద పనిచేసేవాడు మానేశాడు. దానికి ఈ పనంటే ఇష్టం, శనివారాలు వచ్చి నేర్చుకుంటానంది. చెప్పొద్దన్నది నేనే. "ఈ గోల ఉద్యోగం నా కూతురికి కూడానా" అని నువ్వు చెవిన ఇల్లు కట్టుకుని పోరతావని భయం.

వచ్చే నెల మా హాల్లో లలితమైన పాటల కచేరీ ఒకటుంది. అది వింటున్నవి ఆ పాటలే. ముందుగా తెలుసుకుని ఉంటే పని తేలికవుతుంది కదా. అంతే. ఇందులో దాపరికం ఏమీ లేదు.

ఆ కచేరీ అయిపోయేదాకా దాన్ని ఏమీ అడక్కు. నన్ను కూడా. ఆ తర్వాత నేనే వచ్చి నీ ఎదురుగా కూర్చుని అన్నీ చెప్తాను. నేను బాగానే ఉన్నాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
సోమవారం

తమ్ముడూ,

నువ్వెలా ఉన్నావని నేను అడగలేదు. ఆఖర్న "నేను బాగానే ఉన్నాను" అని రాశావు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పేవాడి జేబు నేను ముందు చూస్తాను.

అందుకే చెప్పకుండా వచ్చాను. అవును, నీ ఉత్తరం అందిన వారం గడవకుండానే, మొన్న శనివారం, నేను మీ హాల్లో ఉన్నాను. సెలవు పెట్టి, అది ఎక్కిన బస్సు వెనక బస్సులో వచ్చాను. రిహార్సల్ జరుగుతోంది, తలుపు దగ్గర ఎవరూ అడగలేదు, చివరి వరసలో స్తంభం పక్కన కూర్చున్నాను. ఏ కుర్రాడు పక్కన చేరతాడో చూద్దామని.

కుర్రాడెవరూ లేడు. మధ్యలో సౌండు పెంచే, తగ్గించే మీటల బల్ల ముందు నువ్వు, నీ పక్కన అది. దాని చెయ్యి నీ ముంజేతి మీద ఉంది. వేదిక మీద ఎవరో పాడుతున్నారు. అది వేలితో నీ చేతిని నొక్కితే నువ్వు ఒక మీట దించుతున్నావు. గీరితే ఎక్కిస్తున్నావు. ఎంతసేపటికీ నువ్వు వేదికకేసి చూడ్డం లేదు, దాని వేళ్ళకేసే చూస్తున్నావు. మేనమామా మేనకోడలూ ఆడుకుంటున్నారనుకున్నాను.

అది మంచినీళ్ళు తేవడానికి లేచింది. వేదిక మీద ఎవరో మైకు జరిపారు. కుయ్యిమని కూత! అమ్మో, పుర్రెలోకి సూది దిగినట్టయింది. నేను చెవులు మూసుకున్నాను. పాడేవాళ్ళు మూసుకున్నారు. ఊడుస్తున్న మనిషి చీపురు వదిలేసి మూసుకున్నాడు. హాలంతా రెండు చేతులూ చెవుల మీదే.

నువ్వు చిరునవ్వుతో కాగితం మీద ఏదో రాసుకుంటున్నావు.

అది పరిగెత్తుకొచ్చింది, సీసా కిందపడి నీళ్ళన్నీ పోయాయి, మీట దించింది. మేనేజరు కాబోలు, కళ్ళజోడాయన వచ్చి "ఏంటిది?" అని అరిచాడు. నా కూతురు తలొంచుకుని "సారీ అండీ, నా చెయ్యి తగిలింది" అంది. నువ్వు దాని మొహం చూసి, ఆయన మొహం చూసి, అప్పుడు లేచావు. ఏం జరిగిందో నీకప్పుడు తెలిసింది.

తర్వాత వాళ్ళంతా టీకి వెళ్ళారు. నువ్వు ఒక్కడివే ఉన్నావు. నేను నీ వెనక రెండు వరసల దాకా వచ్చి, చిన్నప్పుడు పిలిచినట్టే "చిన్నోడా" అని పిలిచాను. మెల్లిగా పిలిచాను. మళ్ళీ పిలిచాను. నువ్వు తీగ చుట్టుకుంటూనే ఉన్నావు.

బయటికి వచ్చేసి బస్సెక్కాను. కండక్టరు టికెట్ అడిగితే నా ఊరి పేరు గుర్తు రాలేదు.

ఎప్పటి నుంచిరా?

అక్క


నా గది నుంచి,
గురువారం

అక్కా,

వెనక్కి తిరిగి ఉంటే బావుండేది. నువ్వు అంత దగ్గరికొచ్చి వెళ్ళిపోయావని చదివాక, ఆ వరసలో కుర్చీలన్నీ ఒకసారి చూసి వచ్చాను, ఎందుకో.

రెండేళ్ళయింది. మొదట పొద్దున్న పిట్టలు కూయడం మానేశాయి. పిట్టలు వలస పోయాయనుకున్నాను. తర్వాత ఫోను మోగడం లేదనుకుని కొత్తది కొన్నాను. నీతో ఫోన్లో మాట్లాడితే సగం అక్షరాలు రాలిపోతున్నాయి. ఒకసారి నువ్వు "సాయంత్రం వస్తావా" అంటే ఇంకేదో అనుకుని "మందు వేసుకో" అన్నానట, బావగారు గంటసేపు నవ్వారట. అప్పటి నుంచి ఫోను ఎత్తడం మానేశాను. చెవి డాక్టరు చెప్పాడు, ఇన్నేళ్ళు స్పీకర్ల పక్కన బతికితే ముందు సన్నటి శబ్దాలు పోతాయట. పోయినవి రావట. మిగిలినవి ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు.

విచిత్రం చూడు. మెటల్ పోలేదు. డ్రమ్ము వినబడుతుంది, బేస్ గిటారు వినబడుతుంది, పొట్టలో కూడా తెలుస్తుంది. పోయింది ఫ్లూటు. పసిపిల్లల గొంతు. జోలపాటలావిడ.

నువ్వన్నది నిజమే, నా రహస్యం ఒక్కటే రాయలేదు. బండ ఏడ్చేవాడని రాశాను. వాడి పక్కన కూర్చుని నేనేం వినేవాణ్ణో రాయలేదు. ప్రోగ్రాం అయ్యాక చెవులు గింగురుమంటుంటే ఆవిడ క్యాసెట్టు పెట్టుకునేవాణ్ణి. పుర్రె బొమ్మ డబ్బాలో దాచేవాణ్ణి, ఎవడైనా చూస్తే పరువు పోతుందని. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆవిడ గొంతు వినకుండా నిద్రపోలేదు. ఈ సంగతి బ్యాండులో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆవిడ మా హాలుకి వస్తోంది. పెద్దదైపోయింది, ఇంక ఊళ్ళు తిరగనంటోందట. ఇదే ఆఖరు.

ఆ మీటల బల్ల ముందు ఆవిడ కోసం కూర్చోవాలని నా ఆశ. ఒక్కసారి. ఆ తర్వాత నేనే చెప్పేసి మానేద్దామనుకున్నాను.

పిడుగుకి నేను చెప్పలేదు. నా గదికి వచ్చినప్పుడు అదే పట్టేసింది, నీ కూతురు కదా. స్టవ్ మీద కుక్కరు కూస్తుంటే నేను పేపరు చదువుకుంటున్నానట. అప్పటికప్పుడు "ఆ పాటలేవో ఇవ్వు మామయ్యా, నీ బదులు నేను వింటా" అంది. మొదటి రోజు విని "ఇది పాటా, నిద్రమాత్రా?" అంది. రెండో వారం పళ్ళు బిగించి విన్నది. ఈమధ్య అద్దాలు అరగదీస్తూ అవే కూనిరాగం తీస్తోందట, షాపులో వాళ్ళు "ఒంట్లో బాగాలేదా" అని అడిగారట. నీతో అబద్ధం ఆడి వచ్చిన ప్రతిసారీ "ఇంక ఆడను మామయ్యా" అంది నాతో. అయినా ఆడింది. ఆ తప్పు దానిది కాదు, నాది.

చెవులు పోయినవాడికి సౌండు పని ఎవరిస్తారక్కా? ఇది తప్ప నాకేం వచ్చు? కచేరీ దాకా నోరు మూసుకో. ఇంతకన్నా ఏమీ అడగను.

చిన్నోడు


ఇంటి నుంచి,
ఆదివారం

చిన్నోడా,

ఏడ్చాను. మీ బావ కూడా పక్క గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అది అలా ఉంచు.

చివరి స్టాపు ఒక్కటే కదా మేడమ్ అని టికెట్ లేకుండా ఎక్కేవాళ్ళు రోజూ దొరుకుతారు. దింపేస్తాను. ముసలివాళ్ళనైనా సరే. నువ్వు నా తమ్ముడివని ఊరుకోలేను.

ఆ కూత ఆవిడ చెవి పక్కన వచ్చి ఉంటే? ఆ పెద్ద వయసులో, ఆఖరి కచేరీలో? పిల్ల మంచినీళ్ళకి లేచినంత సేపు చాలదూ? నీకు పోయింది ఇంకొకరికి పోవాలా? అందులోనూ ఆవిడకి! ఇన్నేళ్ళు ఆవిడ పాటతో నిద్రపోయినవాడివి నువ్వే చెప్పు.

రెండో సంగతి. నా కూతురు ఆ కళ్ళజోడాయన ముందు తలొంచుకుని చెయ్యని తప్పు నెత్తినేసుకుంది. దాన్ని ఇన్నాళ్ళూ అలా పెంచలేదు నేను. నీ మీద ప్రేమతో చేసిందని తెలుసు, అందుకే ఎక్కువ కోపం వస్తోంది. ప్రేమ ఉన్నచోట దాన్ని వాడుకోవడం తేలిక.

నువ్వే వెళ్ళి మేనేజరుకి చెప్పు. కచేరీకి ముందే. నువ్వు చెప్పలేదని తెలిస్తే నేను వచ్చి చెప్తాను, వచ్చి ఎలా చెప్తానో నీకు తెలుసు. ఉద్యోగం పోతే మా ఇంట్లో గది ఉంది. ఆ మాట జాలితో అనడం లేదు, పక్కింటివాళ్ళు ఈమధ్య మరీ ప్రశాంతంగా ఉంటున్నారు, వాళ్ళ కోసం అంటున్నా.

ఇది పోస్టు చేసే లోపు మనసు మారుతుందేమోనని ఇప్పుడే చెప్పులేసుకుంటున్నాను.

అక్క


నా గది నుంచి,
కచేరీ మర్నాడు

అక్కా,

చెప్పేశాను. మూడు రోజులు నిన్ను తిట్టుకుని, నాలుగో రోజు చెప్పాను.

మేనేజరు గదిలో నిలబడి "నాకు వినబడ్డం లేదండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను పెదాలు చూసి అర్థం చేసుకోవాలని మెల్లిగా, నోరు బాగా తెరిచి అన్నాడు. "నాకు ఎప్పటి నుంచో అనుమానంగానే ఉంది. నువ్వే వచ్చి చెప్తావని చూస్తున్నాను." నేను మహా తెలివిగా దాస్తున్నాననుకుంటున్నా, అందరూ నన్ను పట్టుకోకుండా చూస్తూ కూర్చున్నారన్నమాట. తిట్టలేదు. కానీ ఆ రోజే బల్ల దగ్గర్నుంచి తీసేశాడు. కచేరీకి బయటి మనిషిని పిలిపించాడు. నాకు వెనక స్టోరులో తీగలూ స్పీకర్ల రిపేర్లూ ఇచ్చాడు. పిడుగుని కూర్చోపెట్టండని అడిగాను. "నేర్చుకుని రమ్మను, అప్పుడు చూద్దాం" అన్నాడు. అది న్యాయమే.

నువ్వు డ్యూటీ వల్ల రాలేకపోయావు కాబట్టి నిన్నటి సంగతి రాస్తున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి టికెట్ కొనుక్కుని జనంలో కూర్చున్నాను. పక్కన పిడుగు. ఆ పుర్రె చొక్కాయే వేసుకొచ్చింది. చుట్టూ అంతా ఇస్త్రీ బట్టల పెద్దవాళ్ళు, మేమిద్దరం దారితప్పి వచ్చినవాళ్ళలా ఉన్నాం. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి మమ్మల్ని కింద నుంచి పై దాకా చూసి, భార్య చెవిలో ఏదో అన్నాడు.

ఆవిడ వచ్చింది. నేననుకున్నదాని కన్నా చాలా చిన్న మనిషి. కూర్చుని పాడింది. చిన్న డ్రమ్ము ఒకటి, అది బాగా వినబడింది. ఆవిడ గొంతు కిందికి దిగినప్పుడల్లా కాస్త అందేది, పైకి వెళితే తెగిపోయేది. ఫ్లూటాయన వేళ్ళు కదులుతున్నాయి, బుగ్గలు కదులుతున్నాయి, అంతే. నాకు ప్రతి పాటా తెలుసు, ఎక్కడ ఏం రావాలో తెలుసు, అక్కడ ఏమీ రావడం లేదు. మొదటి పాట సగంలోనే లేచి పోదామనిపించింది.

అప్పుడు పిడుగు నా చెవి దగ్గర నోరు పెట్టి ఫ్లూటు పాడటం మొదలుపెట్టింది. సన్నగా కాదు. సన్నగా పాడితే నాకందదని దానికి తెలుసు. మెటల్ పాడేవాళ్ళు బొంగురుగా అడుగునుంచి తీస్తారే, ఆ గొంతుతో, మెల్లిగా, ఫ్లూటు వరసంతా కిందికి దించి పాడింది. ఒక్క మెలిక వదల్లేదు. అక్కా, రెండేళ్ళ తర్వాత నేను ఆ పాట పూర్తిగా విన్నాను.

ముందు వరసాయన మళ్ళీ తిరిగాడు. "అమ్మాయ్, మేం టికెట్ కొన్నది ఆవిడ పాట వినడానికి" అన్నాడు. ఇది నాకు పిడుగే తర్వాత చెప్పింది. "మామయ్యకి ఫ్లూటు వినబడదండి, అందుకని" అందట. ఆయన కాసేపు నన్నే చూశాడు. అనుమానంగానే చూశాడు, వీళ్ళు ఆటపట్టిస్తున్నారా అన్నట్టు. తర్వాత ముందుకి తిరిగి, తన తల అడ్డం రాకుండా పక్కకి ఒరిగి కూర్చున్నాడు. కచేరీ అయ్యేదాకా అలాగే ఒరిగి ఉన్నాడు, మెడ పట్టేసి ఉంటుంది పాపం.

అయ్యాక వేదిక వెనక తీగలు చుడుతున్నాం. ఆవిడ మా పక్కనుంచే వెళ్తూ ఆగింది. పిడుగుని చూసి ఏదో అంది. నాకు పెదాలు కదలడమే కనిపించింది. ఇది పళ్ళికిలించింది. ఏమందని అడిగితే, "మా ఫ్లూటాయన కన్నా నువ్వే ముందు పోతున్నావమ్మా, కాస్త ఆగాలి" అందట. వేదిక మీదికి వినబడిందన్నమాట! దాని మొహం అంత ఎర్రగా అవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకిప్పుడు చాలా తేలిగ్గా ఉంది. చెవి మిషను కూడా తీసుకున్నాను. అన్నీ బావున్నాయి. బెంగపెట్టుకోకు.

చిన్నోడు


ఇంటి నుంచి,
బుధవారం సాయంత్రం

చిన్నోడా,

ఉత్తరం చదివి మీ బావకి వినిపించాను. ఆ పెద్దమనిషి పక్కకి ఒరిగిన చోట కాగితం ఆయన చేతికిచ్చేశాను, మిగతాది ఆయనే చదివారు.

కానీ చివర "అన్నీ బావున్నాయి" అని రాశావు చూడు, అక్కడ ఆగాను. చెవి మిషను తీసుకున్నానని రాశావు. పెట్టుకున్నానని రాయలేదు. నీ మేనకోడల్ని కూర్చోబెట్టి అడిగాను. ఇంక నాతో అబద్ధం ఆడనని మాటిచ్చింది కాబట్టి అయిదు నిమిషాల్లో కక్కేసింది. సొరుగులో పడేశావట. ప్రపంచమంతా రేకుడబ్బాలో మోగినట్టుందన్నావట. అలవాటయ్యేదాకా అంతే అని డాక్టరు చెప్తే పెడచెవిన పెట్టావట. ఆదివారం వస్తున్నాను. ముందు చెవులు చెక్ చేస్తాను, ఆ తర్వాతే పలకరింపులు.

దీని సంగతి. తలుపు తెరిచే పెట్టుకుంటోంది. జోలపాటలు వింటూనే ఉంది, ఇప్పుడు నీ కోసమని కూడా కాదు, అడిగితే గోడకేసి చూడ్డం లేదు. సౌండు పని నేర్పే చోటు ఏదో ఉందట, షాపు అయ్యాక సాయంత్రాలు వెళ్తానంటోంది. చెవులకి దూది పెట్టుకుంటేనే అన్నాను. దూది కాదమ్మా, దానికి వేరే బిరడాలుంటాయి అంది. సరే, అవే.

నిన్న నేనే అడిగాను. "మీ మామయ్యకి ఇంకా వినబడేది ఏదో అది పెట్టు" అన్నాను. నా వంక ఎంత అనుమానంగా చూసిందో! అచ్చం నా చూపే. తర్వాత నన్ను నేల మీద కూర్చోబెట్టి వీపు స్పీకరుకి ఆనించమంది. డ్రమ్ములు చెవిలోకి కాదు, వెన్నెముకలోకి వచ్చాయి. మీ బావ గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళిపోయారు. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టారు. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని.

నాకు నచ్చిందని రాయను. ఆ అరిచేవాడికి ఏం కష్టమొచ్చిందో నాకింకా అంతుపట్టలేదు. కానీ నీకు మిగిలింది అదే కదా, నువ్వొస్తే పక్కన కూర్చుని వినడానికి నాకు కొంచెమైనా తెలిసి ఉండాలని మూడు పాటలు విన్నాను. ఇవాళ మళ్ళీ విన్నాను.

ఆ మూడో పాటలో ఒకచోట అంతా పరిగెడుతూ పరిగెడుతూ ఉండగా డ్రమ్ములవాడు ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఊపిరి పీల్చుకునేంత సేపు ఎవరూ ఏమీ వాయించరు. తర్వాత అందరూ ఒక్కసారిగా మీద పడతారు. పిడుగుని అడిగితే "అదంతేనమ్మా" అంది. నేను నమ్మను. వాడు అక్కడ ఊరికే ఆగలేదు. ఎందుకు ఆగాడో నీకు తెలిసే ఉంటుంది, ఆదివారం నేను వచ్చాక నాకు చెప్పాలి.

అక్క